బొల్లాపల్లి నుంచి బీటెక్ దాకా

సీటు వచ్చాక ఫీజు కట్టడానికి ఖజానా ఉంది. సీటు వచ్చే దాకా చేయి పట్టుకుని నడిపించేది ఎవరు?

బొల్లాపల్లి మండలం ఇంజినీర్లను చూడనిది కాదు. బండ్లమోటు కొండల్లో సీసం ఉందని తేలాక హిందుస్థాన్ జింక్ సంస్థ అక్కడ గని తవ్వింది. గనిని నడిపే చదువు ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల దొరికేది కాదు. ఆ చదువు ఉన్నవాళ్లు బయటి నుంచి రావలసిందే. కొన్నేళ్లకు గని మూతపడింది, వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. ఆ తర్వాత ఈ ప్రాంతం ఎదురుచూసింది నీళ్లు తెచ్చే ఇంజినీర్ల కోసం. నాగార్జునసాగర్ ఆనకట్ట పల్నాడు ముంగిట్లోనే ఉన్నా, కాలువ నీళ్లు ఎక్కని మెట్టలు ఇటువైపు ఎక్కువ. వరికపూడిశెల ఎత్తిపోతలు వస్తే వెల్దుర్తి, బొల్లాపల్లి, వినుకొండ వైపు మెట్టలు తడుస్తాయన్న మాట రెండు తరాలు విన్నాయి. 2023 నవంబరు 15న మాచర్లలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ దీనికి శంకుస్థాపన చేశారు. ఆకాశం వంక చూసి మిరప, పత్తి, కంది వేయడం మాత్రం రైతుకు తప్పలేదు.

అలాంటి మండలంలో ఏటా వేసవి రాగానే గోడల మీద, కరెంటు స్తంభాల మీద కొత్త ఫ్లెక్సీలు వెలుస్తాయి. నరసరావుపేట, గుంటూరు, విజయవాడ కళాశాలలవి. నవ్వుతున్న నలుగురు పిల్లలు, పక్కన ఓ లాప్‌టాప్ బొమ్మ, కింద రెండు మాటలు: ఫీజు రీయింబర్స్‌మెంట్, బస్సు సౌకర్యం. అడ్మిషన్ల టార్గెటు నెత్తిన పెట్టుకున్న లెక్చరర్లు ఇంటర్ రాసిన పిల్లల ఇళ్లకే వచ్చి కూర్చుంటారు. ‘‘మీరు రూపాయి కట్టక్కర్లేదండీ, అంతా గవర్నమెంటే కడుతుంది. సర్టిఫికెట్లు ఇవ్వండి చాలు, వెబ్ ఆప్షన్లు మేమే పెట్టిస్తాం’’ అంటారు. ఇంజినీరింగు వైపు పిల్లల్ని ఆకర్షించడానికి ప్రభుత్వాలు ఎన్ని పథకాలు పెట్టినా, పల్లెలో కంటికి కనిపించే పథకం ఇదే. ఆ ఫ్లెక్సీ ఖర్చు కూడా చివరికి ప్రజల సొమ్ములోంచే వస్తుందన్నది మనం అంతగా పట్టించుకోని సంగతి.

ఆ సొమ్ము ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో చూద్దాం.

ఫ్రీ సీటు పోయి రీయింబర్స్‌మెంట్ వచ్చింది

స్వాతంత్ర్యానికి ముందు ఆంధ్ర జిల్లాల కుర్రాడికి ఇంజినీరింగు అంటే మద్రాసు రైలెక్కి గిండీలో దిగడం. 1946లో విశాఖపట్నంలో మొదలై తర్వాత కాకినాడకు మారిన ప్రభుత్వ ఇంజినీరింగు కళాశాలతో ఆ దూరం కొంత తగ్గింది. 1977లో విజయవాడలో సిద్ధార్థ కళాశాలతో ప్రైవేటు శకం మొదలైంది. 1980లలో బాపట్ల, గుంటూరు అదే దారి పట్టాయి. కళాశాలలతో పాటే డొనేషన్లూ వచ్చాయి. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ రాష్ట్రం 1983లో చట్టం చేసింది. 1986లో ఎంసెట్ వచ్చింది.

ఆ చట్టం చుట్టూ నడిచిన వ్యాజ్యమే దేశమంతటికీ లెక్క మార్చింది. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 1993లో సుప్రీంకోర్టు ఒక పద్ధతి చెప్పింది. ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు. పేమెంట్ సీటు వాడు ఎక్కువ కడతాడు, ఆ డబ్బుతో ఫ్రీ సీటు వాడు చదువుకుంటాడు. ఇప్పుడు యాభై ఏళ్లు నిండుతున్న వాళ్లను అడగండి, ‘‘మావాడికి ఫ్రీ సీటు వచ్చింది’’ అన్న మాటలో ఎంత గర్వం ఉండేదో చెబుతారు. 2002 అక్టోబరులో టీఎంఏ పాయ్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పద్ధతిని కొట్టేసింది. ఒక విద్యార్థి ఫీజు ఇంకో విద్యార్థి ఎందుకు మోయాలన్నది అక్కడి వాదన. న్యాయం దృష్టిలో అది సబబే కావచ్చు. కానీ పేదపిల్ల ఫీజు ఎవరు మోయాలన్న ప్రశ్న మిగిలిపోయింది. ప్రభుత్వం తప్ప ఇంకెవరూ లేరు.

షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పదో తరగతి పైచదువుల ఉపకార వేతనం 1944 నుంచే ఉంది. వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008 నుంచి బీసీలకూ, ఆ తర్వాత అగ్రవర్ణ పేదలకూ పూర్తి ఫీజు చెల్లింపును విస్తరించింది. పథకం రాజకీయంగా ఎంత బలమైనదంటే, తర్వాత వచ్చిన ఏ ముఖ్యమంత్రీ దాన్ని ఎత్తేసే సాహసం చేయలేదు. పేర్లు మార్చారు, షరతులు మార్చారు, డబ్బు పడే ఖాతా మార్చారు, అంతే. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగు కళాశాలలు ఒక దశలో 700 దాటాయి, సీట్లు 3 లక్షలు మించాయి. అందులో లక్షకు పైగా సీట్లు ఖాళీగా మిగిలిన సంవత్సరాలూ ఉన్నాయి. దుమ్ము పట్టిన ల్యాబులు, ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే కనిపించే అధ్యాపకులు ఆ కాలపు కథలే.

అయినా ఒక మాట చెప్పి తీరాలి. ఈ పథకాన్ని ఓట్ల పథకమని కొట్టిపారేసేవాళ్లు పల్నాడు మెట్టలు చూడలేదు. ఇంటి నుంచి మొదటిసారి కళాశాల గడప తొక్కిన వేలమంది దీని పుణ్యాన తొక్కారు. హైదరాబాదులో, బెంగళూరులో ఉద్యోగాలు చేస్తూ ఊళ్లో తల్లిదండ్రులకు స్లాబు వేయించిన పిల్లలు ఈ ప్రాంతం పల్లెల్లో ఇప్పుడు అరుదు కారు. పథకం తప్పు కాదు. పథకం ఒక్కటే సరిపోతుందనుకోవడం తప్పు.

ఒక తండా అమ్మాయి

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. బొల్లాపల్లి మండలంలో సుగాలీ తండాలు చాలా ఉన్నాయి, వాటిలో ఒక దాంట్లో ఆమె ఇల్లు. ఎనిమిదో తరగతి. తండ్రికి రెండెకరాల మెట్ట, పైన కొంత కౌలు. పంట పోయిన ఏడాది అమ్మానాన్న కూలికి వేరే ఊరు పోతారు, చెల్లెలు ఆమె చేతిలో ఉంటుంది.

ఇంట్లో మాట్లాడేది లంబాడీ. బడిలో మాట్లాడేది తెలుగు. పుస్తకం ఇంగ్లిషు. ‘ఒక రైలు గంటకు ఇన్ని కిలోమీటర్ల వేగంతో’ అన్న లెక్క ఆమె చేతికి వచ్చేసరికి రెండు భాషలు దాటి వస్తుంది. లెక్కలో తప్పు పోయిందంటే ఆమెకు లెక్క రాలేదనే బడి నమ్ముతుంది. నిజానికి ఆమెకు ప్రశ్న అందలేదు.

ఇంజినీరింగు సీటు ఖరారయ్యేది పద్దెనిమిదో ఏట అని అందరూ అనుకుంటారు. కాదు, ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లోనే అవుతుంది. బీజగణితం, త్రికోణమితి ఆ మూడేళ్లలో పట్టుబడితే ఎంపీసీ వైపు చూస్తుంది. లేకపోతే ‘‘నాకు లెక్కలంటే భయం సార్’’ అంటుంది, ఆ మాటతో ఇంజినీరింగుకు, పాలిటెక్నిక్‌కు, ఎత్తిపోతల డిజైనుకు అన్నింటికీ తలుపు మూసుకుంటుంది. ఆ మూడేళ్లలో ప్రభుత్వం ఆమె మీద ఏం పెడుతోంది? మధ్యాహ్న భోజనం ఉంది, పుస్తకాలు, యూనిఫాం ఉన్నాయి. తల్లి ఖాతాలో పడే డబ్బు ఉంది, ‘అమ్మ ఒడి’ పోయి ‘తల్లికి వందనం’ వచ్చింది. ఇవన్నీ బడి మానకుండా ఆపుతాయి, సంతోషమే. లెక్కలు చెప్పే మాస్టారు సెలవు పెడితే ఆ పీరియడ్ ఎవరు తీసుకుంటారన్న దానికి ఏ పథకమూ లేదు. మారుమూల మండలానికి వేసిన ఉపాధ్యాయుడు ఎప్పుడు బదిలీ దొరుకుతుందా అని చూడటం కొత్తేమీ కాదు. అతన్ని అనీ లాభం లేదు. అక్కడ ఉండి పనిచేసినందుకు అతనికి దక్కేది తక్కువ.

కేంద్రానికి వేరే పథకాలున్నాయి. అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016 నుంచి బడుల్లో టింకరింగ్ ల్యాబులు పెడుతోంది. ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు. అందులో త్రీడీ ప్రింటరు, సెన్సర్లు, రోబో సామాన్లు వస్తాయి. రానున్న ఐదేళ్లలో మరో 50 వేల ల్యాబులని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ఇన్‌స్పైర్ మానక్ కింద ఒక ఆలోచన పంపి ఎంపికైన విద్యార్థికి నమూనా చేసుకోవడానికి 10 వేల రూపాయలు ఇస్తారు. ఆలోచన గొప్పది. కానీ ల్యాబు వచ్చిన బడిలో దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉందన్నదే అసలు ప్రశ్న. సామాను పోతే జవాబు చెప్పాలన్న భయంతో బీరువాలో పెట్టి తాళం వేసే హెడ్‌మాస్టర్లు మన రాష్ట్రంలో లేరని ఎవరైనా చెబితే నేను నమ్మను. త్రీడీ ప్రింటరు కన్నా ముందు ఆ బడికి కావాల్సింది ఏడాది పొడవునా ఉండే లెక్కల టీచరు, సాయంత్రం ఇంకో గంట కూర్చోబెట్టే ట్యూటరు.

నారుమడికి నీళ్లు పెట్టకుండా కోతకు కూలీలను మాట్లాడి పెట్టుకున్నట్టు ఉంది మన ఖర్చు తీరు. కళాశాలలో నాలుగేళ్లకు ఫీజు సిద్ధంగా ఉంటుంది. బడిలో మూడేళ్లకు ట్యూటరు ఉండడు.

పది తర్వాత ఆమె ముందు నాలుగు దారులుంటాయి. ఒకటి, ప్రభుత్వ రెసిడెన్షియల్ జూనియర్ కళాశాల, అంటే ఏపీఆర్‌జేసీ. ప్రవేశపరీక్ష రాసి నెగ్గితే తిండీ, ఉండటం, ఇంటర్ చదువు ఉచితం. మంచి దారే, సీట్లే కొద్ది. రెండు, పాలిసెట్ రాసి డిప్లొమా. గుంటూరులో ఎంబీటీఎస్ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, ఆడపిల్లలకు వేరే పాలిటెక్నిక్ ఉంది. మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. పదితో మొదలుపెట్టి ఆరేళ్లలో బీటెక్ పట్టా చేతికొస్తుంది, మధ్యలో ఆగినా డిప్లొమా మిగులుతుంది. పేద ఇంటికి ఇది ఎంత గట్టి దారో చెప్పే ఫ్లెక్సీ మాత్రం ఎక్కడా కనిపించదు, ఎందుకంటే ప్రభుత్వ పాలిటెక్నిక్‌కు పీఆర్‌ఓ ఉండడు. మూడు, వినుకొండలోనో నరసరావుపేటలోనో ఇంటర్ ఎంపీసీ. ఫీజు, బస్సు, లేదా హాస్టలు. ఇంట్లో అప్పు మొదలయ్యేది చాలాసార్లు ఇక్కడే. బీటెక్‌లో ప్రభుత్వం కట్టే ఫీజు అందే దాకా వెళ్లడానికి ముందు రెండేళ్ల ఇంటర్ ఖర్చు చేబదులుతో దాటాలి. నాలుగో దారి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

ట్రిపుల్ ఐటీ ఎందుకు పనిచేసింది

పల్లెల్లో ఆ పేరే చెబుతారు, ట్రిపుల్ ఐటీ. పూర్తి పేరు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం అని రాయమంటే అందులో చదివినవాళ్లే ఆలోచించాలి. 2008లో చట్టం చేసి నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ఒక్కోచోట 2,000 మంది చొప్పున మొదలుపెట్టారు. తర్వాత 2016లో ఒంగోలు, శ్రీకాకుళం చేరాయి. బాసర తెలంగాణకు వెళ్లింది.

దీని ప్రత్యేకత ఒక్కటే. ప్రవేశపరీక్ష లేదు. పదో తరగతి మార్కులే కొలత. రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడుల్లో చదివిన పిల్లలకు వెనుకబాటు కింద అదనపు మార్కులు కలిపారు. కోచింగుకు పోలేని పిల్లను కోచింగుకు పోయిన పిల్లతో ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తమనడం అన్యాయమని ఒప్పుకున్న ప్రభుత్వ పథకాలు మనకు చాలా తక్కువ. పది పాసైన వెంటనే పిల్లను తీసుకుని, రెండేళ్లు ఇంటర్ స్థాయి, నాలుగేళ్లు బీటెక్, ఆరేళ్లూ ఒకే చోట ఉంచుకుంటుంది. ఇంటర్ రెండేళ్ల అప్పు అన్న గొయ్యిని మొత్తంగా దాటించేస్తుంది. అందుకే జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పదో తరగతి ఫలితాలు రాగానే హెడ్‌మాస్టర్లు లెక్కేసేది ‘‘మనకు ట్రిపుల్ ఐటీ సీట్లు ఎన్ని’’ అని. ఊరి నుంచి ఒక పిల్ల నూజివీడు వెళ్లిందంటే ఆ వీధిలో తొమ్మిదో తరగతి పిల్లల కళ్లలో లెక్కల పుస్తకం విలువ మారిపోతుంది. ఇంజినీరింగుకు పిల్లల్ని ఆకర్షించడం అంటే అసలు ఇదీ.

ఈ విశ్వవిద్యాలయానికి మొదటి ఛాన్సలర్‌గా ఉన్న రాజ్ రెడ్డి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న కంప్యూటర్ శాస్త్రవేత్త. పల్లెటూరి తెలివి ఎక్కడ ఆగిపోతుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అన్నీ బాగున్నాయని కాదు. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు తిండి, వసతులు, అధ్యాపకుల కోసం ఎండావానలో వారం రోజులు కూర్చున్నారు. ఆంధ్ర క్యాంపస్‌లలోనూ కాంట్రాక్టు అధ్యాపకులతో నెట్టుకురావడం మామూలైపోయింది. కొత్త క్యాంపస్ ప్రకటించినంత తేలిగ్గా ప్రొఫెసరు పోస్టు నింపరు, ఎందుకంటే పోస్టుకు రిబ్బను కత్తిరించడం ఉండదు.

ఖాతా మారింది, ఎదురుచూపు మారలేదు

సరే, మన అమ్మాయి ట్రిపుల్ ఐటీ కొద్దిలో తప్పిపోయి, ఎలాగో ఇంటర్ చదివి, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) రాసింది అనుకుందాం. ఎస్టీలకు అర్హత మార్కుల పరిమితి లేదు, 6 శాతం రిజర్వేషన్ ఉంది, అమ్మాయిలకు మూడోవంతు సీట్లు వేరే. ర్యాంకు లక్ష దాటినా ఏదో ఒక కళాశాలలో కన్వీనర్ కోటా సీటు దొరుకుతుంది. ఇక్కడి నుంచి ప్రభుత్వ డబ్బు మొదలవుతుంది.

2019 నవంబరులో వచ్చిన ఉత్తర్వుతో, జగనన్న విద్యా దీవెనగా పేరు మారిన రీయింబర్స్‌మెంట్‌కు కుటుంబ వార్షికాదాయ పరిమితిని రెండున్నర లక్షల రూపాయలు చేశారు. మెట్ట అయితే 25 ఎకరాలు, మాగాణి 10 ఎకరాల లోపు ఉండాలన్నారు. టాక్సీ, ఆటో, ట్రాక్టరు కాని నాలుగు చక్రాల బండి ఉండకూడదన్నారు. 75 శాతం హాజరు తప్పనిసరి చేశారు. 2020లో ఖరారు చేసిన బీటెక్ ఫీజులు కళాశాలను బట్టి 35 వేల నుంచి 70 వేల మధ్య. తిండికీ, ఉండటానికీ వసతి దీవెన కింద ఏడాదికి 20 వేలు, పాలిటెక్నిక్ వాళ్లకు 15 వేలు ఇస్తామన్నారు. మేనేజ్‌మెంట్ కోటాకు ఏమీ లేదు.

అసలు మార్పు డబ్బు పడే చోటులో వచ్చింది. కళాశాల ఖాతాకు బదులు తల్లి ఖాతాలో మూడు నెలలకోసారి వేసి, ఆమె వెళ్లి ఫీజు కట్టాలన్నారు. ‘‘డబ్బు కడుతున్నాను, మా పిల్లకు పాఠం ఎందుకు చెప్పట్లేదు’’ అని తల్లి అడగగలదని దాని వెనక ఉద్దేశం. ఆలోచన నాకు నచ్చింది. ఆచరణలో ఏమైందంటే, ప్రభుత్వం విడత ఆలస్యం చేసినప్పుడు బాకీదారు ప్రభుత్వం కాకుండా తల్లి అయింది. మిరప ధర పడిపోయిన నెలలో ఖాతాలో పడ్డ డబ్బు ఎరువుల కొట్టుకు పోయిన ఇళ్లూ ఉంటాయి, పేదరికంలో డబ్బుకు పేరు రాసి ఉండదు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కళాశాల ఖాతాలకే జమ చేస్తామన్నారు. పాత ప్రభుత్వం మిగిల్చిన బకాయి ఎంత, కొత్తది పెరగనిచ్చింది ఎంత అన్న వాదన వేల కోట్ల రూపాయల మీద నడుస్తోంది. పక్క రాష్ట్రమూ భిన్నం కాదు. బకాయిలు తీర్చాలంటూ 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కళాశాలలు తలుపులే మూశాయి.

ఖాతా ఎవరిదైనా విద్యార్థికి అర్థమయ్యే భాష ఒకటే. ‘‘నీ ఫీజు పడలేదు. హాల్‌టికెట్ ఆగింది.’’ చదువు అయిపోయాక, ‘‘బాకీ కట్టి టీసీ తీసుకుపో.’’ ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. హైదరాబాదులో ఉద్యోగం వచ్చి, చేరే తేదీ దగ్గరపడిన పిల్లకు యూజీసీ నోటిఫికేషన్ చదివి వినిపించే ఓపిక ఉండదు. తండ్రి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టేస్తాడు. ఆ తర్వాత ఎప్పుడో ప్రభుత్వం డబ్బు కళాశాలకు వస్తుంది. అది తండ్రికి తిరిగొచ్చిందో లేదో ఎవరూ అడగరు. ఉచిత విద్య అని కాగితం మీద ఉన్నది వడ్డీతో కూడిన విద్య అయ్యేది ఇలాగే.

మొత్తం పథకంలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటుంది. ప్రభుత్వం కట్టేది సీటుకు, చదువుకు కాదు. చేరిన వందమందిలో నాలుగేళ్లలో బ్యాక్‌లాగులు లేకుండా బయటపడ్డవాళ్లు ఎందరు, ఏ కళాశాలలో, ఏ బ్రాంచిలో? ఈ లెక్క విశ్వవిద్యాలయం దగ్గర ఉంటుంది. ప్రజల డబ్బు పుచ్చుకున్న ప్రతి కళాశాల గేటు దగ్గర అది బోర్డు కట్టి ఉండాలి. లేదు. రేషన్ దుకాణం ముందు స్టాకు బోర్డు పెట్టించిన మనం, ఒక్కో సీటుకు నాలుగేళ్లలో లక్షలు తీసుకునే చోట ఆ పని చేయలేకపోయాం.

అందరూ కంప్యూటర్లేనా?

వెబ్ ఆప్షన్ల రోజున బొల్లాపల్లి పిల్లయినా బెజవాడ పిల్లయినా పెట్టే మొదటి ఆప్షన్ సీఎస్ఈ, రెండోది అందులోనే ఏఐ. బ్రాంచీలో సీట్లపై ఉన్న గరిష్ఠ పరిమితిని ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేశాక పెద్ద కళాశాలలు కంప్యూటర్ సెక్షన్లు పెంచేసుకున్నాయి. సివిల్, మెకానికల్ సీట్లు వెలవెలబోతున్నాయి. వరికపూడిశెల కట్టాల్సినవాళ్లు, సాగర్ కాలువలు మరమ్మతు చేయాల్సినవాళ్లు, మాచర్ల, దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలు నడపాల్సినవాళ్లు రావలసిన బ్రాంచీలివి.

దీని మీద పిల్లల్ని తిట్టడం పెద్దలకు అలవాటు. నేను ఆ జట్టులో లేను. రెండెకరాల మెట్ట ఉన్న ఇంట్లోంచి వచ్చిన పిల్ల మొదటి జీతం ఎక్కడ త్వరగా వస్తుందో అటే చూస్తుంది, చూడాలి కూడా. రాష్ట్రానికి సివిల్ ఇంజినీర్లు కావాలంటే సాగునీటి శాఖలో ఖాళీలు నింపాలి, ప్రాజెక్టులు కట్టాలి. ఉద్యోగం చూపించకుండా బ్రాంచి మీద ప్రేమ పుట్టించలేరు. రాజ్ రెడ్డి 1958లో గిండీలో పట్టా పుచ్చుకున్నది సివిల్ ఇంజినీరింగులోనే. ఆయన పేరు నిలిచింది కంప్యూటర్లలో. బ్రాంచి పునాది మాత్రమే, లెక్కలు వచ్చిన వాడు ఎటైనా మళ్లగలడు. అందుకే మళ్లీ ఎనిమిదో తరగతి దగ్గరికే రావాలి.

ప్రభుత్వ డబ్బుతో యువతను ఇంజినీరింగు వైపు తిప్పడం మనమే కనిపెట్టిన విద్య కాదు. 1957 అక్టోబరులో సోవియట్ రష్యా స్పుత్నిక్ పంపితే అమెరికా ఉలిక్కిపడి, మరుసటి ఏడాదే జాతీయ రక్షణ విద్యా చట్టం చేసింది. ఆ చట్టంలో కళాశాల విద్యార్థులకు తక్కువ వడ్డీ రుణాలు ఒక భాగం మాత్రమే. బడుల్లో సైన్సు, లెక్కల బోధనకు, ల్యాబు పరికరాలకు, తెలివైన పిల్లల్ని బడిలోనే గుర్తించి దారి చూపే కౌన్సెలర్లకు కూడా అదే చట్టంలో నిధులు పెట్టారు. రష్యా భయంతో చేసినా, డబ్బు ఎక్కడ మొదలవ్వాలో వాళ్లకు తెలిసింది. మనం రెండో సగాన్ని గొప్పగా చేశాం, మొదటి సగాన్ని వదిలేశాం.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఆ పట్టణంలో ప్రైవేటు కళాశాలలతో పాటు కాకినాడ జేఎన్‌టీయూ ఇంజినీరింగు కళాశాల కూడా ఉంది, 2016లో మొదలైంది, కాకానిలో దాని ప్రాంగణం. జిల్లాకు ప్రభుత్వ ఇంజినీరింగు కళాశాల ఉండటం చిన్న విషయం కాదు. ఆ కళాశాల బీటెక్ విద్యార్థులు వారానికో రోజు బొల్లాపల్లి, వెల్దుర్తి, దుర్గి బడులకు వచ్చి ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెబితే, అందుకు వాళ్లకు కొంత గౌరవవేతనం, క్రెడిట్లు ఇస్తే, బస్సు ఖర్చు జిల్లా పెట్టుకుంటే అయ్యే ఖర్చు ఒక చిన్న ప్రైవేటు కళాశాలకు ఏటా వెళ్లే రీయింబర్స్‌మెంట్‌లో చిల్లర. తండా పిల్లకు ఇంజినీరు అంటే ఫ్లెక్సీ మీద బొమ్మ కాకుండా, తన లెక్క దిద్దిన అక్క అవుతుంది. మారుమూల బడిలో మూడేళ్లు నిలిచి లెక్కలు, ఫిజిక్సు చెప్పిన ఉపాధ్యాయుడికి మరిన్ని బదిలీ పాయింట్లు, అదనపు భత్యం ఇవ్వాలి. రీయింబర్స్‌మెంట్‌ను ఏ త్రైమాసికంలో ఏ తేదీకి చెల్లిస్తారో చట్టంలో రాయాలి. ఆలస్యమైతే వడ్డీ ప్రభుత్వం కట్టాలి, విద్యార్థి హాల్‌టికెట్ ఆపిన కళాశాలకు ఆ ఏడాది అనుబంధం ఆగాలి. వీటిలో ఏదీ కొత్త కనిపెట్టుడు కాదు, ఏదీ ఖజానాను కూల్చేది కాదు.

ఇక చదువరులకు, ముఖ్యంగా ఇంట్లో పదో తరగతి పిల్ల ఉన్నవాళ్లకు. ట్రిపుల్ ఐటీ నోటిఫికేషన్ పది ఫలితాల వెంటనే వస్తుంది, దాని కోసం చూడండి. ఏపీఆర్‌జేసీ, పాలిసెట్ రెండూ రాయించండి, ఒకటి రాస్తే ఇంకొకటి పోదు. కులం, ఆదాయ ధ్రువపత్రాలు వేసవిలోనే సచివాలయంలో తీయించి పెట్టుకోండి, చివరి రోజున సర్వరు పనిచేయదు. కుటుంబాదాయం 8 లక్షల లోపు ఉండి అమ్మాయి బీటెక్‌లోనో డిప్లొమాలోనో చేరితే ఏఐసీటీఈ ప్రగతి ఉపకార వేతనం ఏడాదికి 50 వేల రూపాయలు, ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల దాకా. దరఖాస్తు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చేయాలి. కళాశాల వాళ్లు ఇంటికొస్తే మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టండి, సర్టిఫికెట్లు మాత్రం చేతికివ్వకండి. మీ బ్రాంచికి ఎన్‌బీఏ గుర్తింపు ఉందా, పోయిన ఏడాది ఫస్టియర్‌లో ఎంతమంది అన్ని సబ్జెక్టులూ పాసయ్యారు అని అడగండి. జవాబు చెప్పకుండా బస్సు సౌకర్యం గురించి మాట్లాడితే, వెబ్ ఆప్షన్లలో ఆ కళాశాల కోడ్ వదిలేయండి.